చిలికా ఓడ నుండి ఎర్ర సముద్రం దాకా: ఊరు చేరని పేర్లు

2024 మార్చి 2వ తేదీన రూబీమార్ అనే సరుకు ఓడ ఎర్ర సముద్రంలో మునిగిపోయింది. అంతకు రెండు వారాల క్రితం యెమెన్ హౌతీలు దానిపై క్షిపణి ప్రయోగించారు. మరి నాలుగు రోజులకే ట్రూ కాన్ఫిడెన్స్ అనే మరో ఓడపై దాడి జరిగి ముగ్గురు నావికులు మరణించారు. భారత నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ కోల్‌కతా వెళ్ళి మిగిలిన వారిని ఒడ్డుకు చేర్చింది. ఆ ఏడాది జనవరిలో మార్లిన్ లువాండా అనే చమురు ఓడ తగలబడినప్పుడు అందులో ఉన్నవారిలో 22 మంది భారతీయులే. మంటలార్పడానికి వెళ్ళిన యుద్ధనౌక పేరు ఐఎన్‌ఎస్ విశాఖపట్నం. 2025 జులైలో మ్యాజిక్ సీస్, ఎటర్నిటీ సి అనే మరో రెండు ఓడలు అదే సముద్రంలో మునిగాయి. రెండవ దానిలో ప్రాణనష్టం కూడా జరిగింది.

ఎక్కడి ఎర్ర సముద్రం, ఎక్కడి ఇచ్ఛాపురం, ఎక్కడి బరంపురం అని తోచడం సహజం. కాని గిరిసోల గేటుకు ఇటూ అటూ ఉన్న పల్లెలలో ఓడ ఉద్యోగం వింత మాట కాదు. ఉద్దానం నుండి, చీకటి, పాత్రపురం ప్రాంతాల నుండి, గోపాల్‌పూర్ బెస్తవాడల నుండి ఓడ పనికి పోవాలని చూసే కుర్రవాళ్ళకు కొదవ లేదు. సముద్రంలో యుద్ధం జరిగితే ఆ వార్త ముందుగా తాకేది అటువంటి ఇళ్ళనే. ఈ ప్రాంతానికి అది కొత్త అనుభవం కూడా కాదు. 80 ఏళ్ళ క్రితం బంగాళాఖాతంలో వాణిజ్య నౌకలు ఒకటొకటిగా మునిగినప్పుడు గంజాం జిల్లా బతుకుతెరువే తెగిపోయింది. ఆనాటి కథలో నేటి కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతి ఒకటున్నది.

చిలికా పేరు గల ఓడ

బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ తన ఓడలకు ఎక్కువగా ఊళ్ళ పేర్లు, నదుల పేర్లు, సరస్సుల పేర్లు పెట్టేది. అలా మన రంభ ఒడ్డున పరుచుకున్న చిలికా సరస్సు పేరు ఒక ఓడకు దక్కింది. 4 వేల టన్నులకు పైబడిన ఆ వాణిజ్య నౌక 1942 మార్చి 11న సుమత్రా దీవికి పశ్చిమాన ఒంటరిగా ప్రయాణిస్తుండగా జపాను జలాంతర్గామి ఐ-2 కంటపడింది. జలాంతర్గామి నీటిపైకి తేలి ఫిరంగితో కాల్పులు మొదలుపెట్టింది. చిలికాపై కూడా ఆత్మరక్షణకు ఒక తుపాకి ఉన్నది. కొంతసేపు ఎదురు కాల్పులు జరిగాయి. తుపాకి వద్దనున్న వారు పడిపోయిన తరువాత ఓడను వదలక తప్పలేదు. ప్రాణాలతో మిగిలినవారు పడవలలోకి దిగారు. వారిలో కొందరు వారాల తరబడి నడిసముద్రంలోనే గడిపారు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. జలాంతర్గామి అంటే నీటి అడుగు నుండి టార్పెడో వదిలేది కదా, ఫిరంగి ఎందుకు అని. టార్పెడో ఖరీదైనది, ఒక జలాంతర్గామి మోసుకుపోగలిగినవి కొద్ది మాత్రమే. తోడుగా యుద్ధనౌక లేని సరుకు ఓడ ఎదురైతే పైకి తేలి ఫిరంగితో ముంచడం దానికి చౌక. ఆనాడు బంగాళాఖాతంలోను, హిందూ మహాసముద్రంలోను కావలి నౌకలు చాలినన్ని లేవు. ఓడలు చాలావరకు ఒంటరిగానే పోయేవి. ఒంటరి ఓడకు చీకటి ఒక్కటే రక్ష.

చిలికా మునగడానికి సరిగ్గా మూడు రోజుల ముందు, మార్చి 8న, రంగూన్ నగరం జపాను సేనల వశమయింది. గంజాం, శ్రీకాకుళం పల్లెలకు సంబంధించినంతవరకు ఆ రెండు వార్తలు ఒకే కథలోని రెండు ముక్కలు.

రంగం దారి

మన పెద్దలు రంగూన్‌ను ‘రంగం’ అనేవారు. గోపాల్‌పూర్, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవులలో ఆగుతూ ఆవిరి ఓడలు రంగానికి పోయేవి. వరికోతల కాలానికి ముందు వెళ్ళి, పని ముగిశాక తిరిగివచ్చే కూలీలు కొందరు. ఏళ్ళ తరబడి అక్కడే ఉండి రేవులో మూటలు మోసి, బియ్యపు మిల్లులలో పనిచేసి, నెలకింత ఇంటికి పంపిన వారు మరికొందరు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుతో ఓడ ఎక్కడం, డెక్కు మీద చాప పరుచుకుని ప్రయాణించడం, అప్పు తీరేదాకా అతని కింద చాకిరీ చేయడం ఆనాటి రివాజు.

ఈ దారి 1942లో ఉన్నట్టుండి మూతపడిందనుకుంటే పొరపాటు. 1930 మే నెలలోనే రంగూన్ రేవులో తెలుగు కూలీలకు, బర్మా కూలీలకు మధ్య పని విషయమై రక్తపాతం జరిగింది. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుండి విడిపోయింది. 1938లో మళ్ళీ అల్లర్లు చెలరేగాయి. ఇవతల ఒడ్డున 1933లో విశాఖలో కొత్త హార్బరు ప్రారంభమయ్యాక చిన్న రేవుల ప్రాధాన్యం తగ్గసాగింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి బరంపురం, గోపాల్‌పూర్ అటువైపు, ఇచ్ఛాపురం, సోంపేట ఇటువైపు ఉండిపోయాయి. ఇన్ని దెబ్బలు తగిలినా రంగం దారి మాత్రం తెగలేదు. దానిని తెంచింది యుద్ధమే.

నాలుగు నెలలలో తెగిన దారి

1941 డిసెంబరు 23న, మళ్ళీ 25న రంగూన్‌పై జపాను విమానాలు బాంబులు కురిపించాయి. రేవు కూలీలు పారిపోవడంతో ఓడలలో సరుకు దింపే దిక్కు లేకపోయింది. జనవరి నెలాఖరున జపాను జలాంతర్గామి ఐ-64 మద్రాసు తీరానికి ఎదురుగా మాటువేసి వరుసగా ఓడలను ముంచింది. జనవరి 30న జలతరంగ్, 31న జలపాలక. రెండూ సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీవి. విదేశీ కంపెనీల పోటీని తట్టుకుని నిలిచిన స్వదేశీ సంస్థ అది. అంతకు ఏడు నెలల ముందే, 1941 జూన్ 21న, విశాఖలో ఆ కంపెనీ నౌకా నిర్మాణ కేంద్రానికి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. తమ ఓడలకు ‘జల’ అనే మాటతో మొదలయ్యే పేర్లు పెట్టడం ఆ కంపెనీ ఆనవాయితీ. 1948 మార్చిలో నెహ్రూ విశాఖలో జలప్రవేశం చేయించిన ‘జల ఉష’ ఆ వరుసలోనిదే.

ఏప్రిల్ మొదటి వారంలో జపాను నౌకాదళం బంగాళాఖాతంలోకి నేరుగా చొచ్చుకువచ్చింది. ఒక విమానవాహక నౌక, క్రూయిజర్లు కలిసి ఒరిస్సా, ఆంధ్ర తీరాల వెంట రెండు రోజులలో 20 వరకు వాణిజ్య నౌకలను ముంచాయి. ఇది జలాంతర్గాముల పని కాదు. అవి ఆ రోజులలో లంక చుట్టూ, పడమటి తీరాన వేటాడుతున్నాయి. ఏప్రిల్ 6న పూరీ, గోపాల్‌పూర్ తీరాలకు ఎదురుగా మునిగిన వాటిలో చిలికా ఓడ కంపెనీకే చెందిన 9 వేల టన్నుల మాల్దా ఒకటి. అదే రోజు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు పడ్డాయి. విశాఖ ప్రజలు మూటా ముల్లె సర్దుకుని పల్లెల దారి పట్టారు.

ఓడలు తగ్గిపోవడంతో రంగంలో చిక్కుకున్న వారి గతి ఏమయింది? ఓడలో చోటు దొరికి వచ్చినవారు వేలలో ఉండగా, అరకాను, మణిపురం కొండదారులలో కాలినడకన బయలుదేరినవారు లక్షలలో ఉన్నారు. మలేరియా, కలరా, ఆకలి వారిలో వేలాది మందిని దారిలోనే బలిగొన్నాయి. ఒక సరుకు ఓడ మునిగితే పోయేది అందులోని వారు మాత్రమే కాదు. ఆ ఓడ తిరిగివచ్చి ఎక్కించుకోవలసిన వారి ఆశ కూడా దానితోపాటు మునిగిపోతుంది.

బర్మా బియ్యం రాకడ నిలిచిపోవడం మరో దెబ్బ. 1943 నాటి బెంగాల్ కరువుకు కారణాలు అనేకం. ప్రభుత్వ అలసత్వం, వ్యాపారుల నిల్వలు, తుఫాను, పడవల జప్తు అన్నీ అందులో ఉన్నాయి. అయినా బర్మా దారి మూసుకుపోవడం ఆ కారణాలలో ఒకటి. ఆ కొరత వేడి తీర ఒరిస్సాకూ తగిలింది.

కాగితం మీది చట్టం

ఇదంతా చట్టం లేని కాలంలో జరగలేదు. 1936 నవంబరులో లండన్‌లో సంతకాలైన జలాంతర్గామి ఒడంబడిక నియమం స్పష్టంగానే ఉన్నది. ఆగమన్నా ఆగకుండా పారిపోజూసే ఓడ, తనిఖీకి ఎదురుతిరిగే ఓడ తప్ప, ఏ వాణిజ్య నౌకనైనా ముంచే ముందు అందులోని ప్రయాణికులను, సిబ్బందిని, ఓడ పత్రాలను సురక్షిత స్థలానికి చేర్చాలి. నడిసముద్రంలో పడవలలో వదలివేయడం, ఒడ్డు దగ్గరలో ఉండి వాతావరణం అనుకూలంగా ఉంటే తప్ప, సురక్షిత స్థలానికి చేర్చడం కిందికి రాదు.

ఆ నియమాన్ని జపాను ఒక్కటే ఉల్లంఘించిందనడం న్యాయం కాదు. అట్లాంటిక్‌లో జర్మనీ జలాంతర్గాములు అదే చేశాయి. పెర్ల్ హార్బర్ దాడి జరిగిన రోజునే అమెరికా కూడా జపాను ఓడలను హెచ్చరిక లేకుండా ముంచమని తన జలాంతర్గాములను ఆదేశించింది. యుద్ధానంతరం న్యూరెంబర్గ్ విచారణలో జర్మనీ నౌకాధిపతి డోనిట్జ్ ఈ ఒడంబడికను ఉల్లంఘించినట్లు తేలినా, ఎదుటి పక్షాలు కూడా అదే పని చేసిన కారణాన ఆ నేరానికి ప్రత్యేకించి శిక్ష విధించలేదు. అందరూ తప్పు చేసినప్పుడు తప్పుకు శిక్ష ఉండదు. నష్టం మాత్రం ఓడలో ఉన్నవాడికే మిగులుతుంది.

ఆ నియమంలో ఆచరణకు సంబంధించిన చిక్కు కూడా ఉన్నది. ఇరుకైన జలాంతర్గామిలో వందమందిని ఎక్కించుకోవడానికి చోటుండదు. పైకి తేలి హెచ్చరిస్తే ఎదుటి ఓడ వైర్‌లెస్‌లో కబురు పెడుతుంది; తుపాకి ఉంటే కాలుస్తుంది. వాణిజ్య నౌకలకు తుపాకులు అమర్చిననాడే సైనికుడికి, కళాసీకి నడుమ ఉన్న గీత మసకబారింది. నేటి ఎర్ర సముద్రంలో జలాంతర్గామి బదులు క్షిపణి, డ్రోన్, పేలుడు పదార్థాలు నింపిన పడవ వచ్చాయి. ఎంతో దూరాన కూర్చుని వదిలే క్షిపణి ఓడలోని వారిని ముందుగా దింపే ప్రసక్తే లేదు.

వెండికి ఉన్న లెక్క

1942 నవంబరు 23న తిలావా అనే ప్రయాణికుల ఓడ బొంబాయి నుండి ఆఫ్రికా తీరానికి పోతుండగా జపాను జలాంతర్గామి ఐ-29 దానిని టార్పెడోలతో ముంచింది. మొదటి దెబ్బకు ఓడ మునగలేదు. పడవలలో దిగిన వారిలో కొందరు మళ్ళీ ఓడ ఎక్కుతుండగా రెండవ టార్పెడో తాకింది. ఓడలోని 958 మందిలో 280 మంది మరణించారు. వారిలో అత్యధికులు భారతీయులు.

ఆ ఓడలో దక్షిణాఫ్రికా ప్రభుత్వానికి చెందిన 2,364 వెండి కడ్డీలు కూడా ఉన్నాయి. 2017లో ఒక సంస్థ సముద్రగర్భం నుండి వాటిని పైకి తీసింది. ఎవరికి చెందాలన్న వివాదం బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 2024 మే నెలలో దక్షిణాఫ్రికాకు అనుకూలంగా తీర్పు వచ్చింది. ప్రతి కడ్డీకి లెక్క ఉన్నది, హక్కుదారు ఉన్నాడు, వకీలు ఉన్నాడు. చనిపోయిన వారిని తలుచుకునే పనిని మాత్రం వారి మనుమలే మీద వేసుకోవలసి వచ్చింది. 80 ఏళ్ళు నిండిన 2022లో ముంబయిలో వారు స్మరణ సభ జరుపుకున్నారు.

రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ ఓడలలో పనిచేస్తూ మరణించిన భారతీయ నావికులు 6 వేలకు పైమాటే. వారిలో చిట్టగాంగ్, సిల్హెట్, కొంకణ, గోవా ప్రాంతాల వారు ఎక్కువ. వీరికి తెల్ల నావికుల వేతనంలో కొద్ది భాగమే ముట్టేది. 1939లో యుద్ధం మొదలవగానే బ్రిటన్ రేవులలో భారతీయ నావికులు సమ్మె చేసిన మీదటే జీతాలు కొంత పెరిగాయి. ఓడలతోపాటు సముద్రంలో కలిసిపోయిన వీరికి సమాధులు లేవు. పేర్లను పుస్తకాలలో రాసి ముంబయిలో ఒకటి, చిట్టగాంగ్‌లో ఒకటి భద్రపరిచారు. అంటే కళాసీకి కనీసం ఒక పుస్తకంలో వరుస దక్కింది. ఓడ కోసం చూసిచూసి కొండదారిలో కూలిపోయిన రంగం కూలీకి ఆ వరుస కూడా లేదు. ఓడ కంపెనీకి అతడు ఒక డెక్కు టిక్కెట్టు. మేస్త్రీకి తీరవలసిన అప్పు. అతని ఇల్లాలికి ఉత్తరం రాయవలసిన బాధ్యత ఎవరికీ లేకపోయింది.

నేడు హక్కు ఎవరికి?

ఆనాటికీ నేటికీ గల ముఖ్యమైన తేడా ఇదే. ఇప్పుడు నావికుడికి హక్కులున్నాయి. 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడికను భారతదేశం 2015లో ఆమోదించింది. దాని ప్రకారం ఓడ మునిగి ఉద్యోగం పోతే యజమాని పరిహారం చెల్లించాలి. సముద్రపు దొంగలకు బందీ అయితే, బందీగా ఉన్నన్నాళ్ళూ జీతం సాగాలి. ఎర్ర సముద్రం దక్షిణ భాగాన్ని యుద్ధ ప్రమాద ప్రాంతంగా గుర్తించిన తరువాత, అంతర్జాతీయ కార్మిక ఒప్పందం వర్తించే ఓడలలో నావికుడు ‘నేను ఆ దారిన రాను’ అని చెప్పవచ్చు. కంపెనీ ఖర్చుతో ఇంటికి రావచ్చు. వెళ్ళేందుకు ఒప్పుకుంటే అదనపు వేతనం, ప్రాణనష్టం జరిగితే రెట్టింపు పరిహారం లభిస్తాయి. 1958 నాటి పాత చట్టం స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త వాణిజ్య నౌకా చట్టాన్ని ఆమోదించింది.

అయితే ఈ హక్కులన్నీ పేరు సరిగా నమోదైన వాడికే దక్కుతాయి. నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ వద్ద లైసెన్సు పొందిన సంస్థ ద్వారా, చెల్లుబాటయ్యే సీడీసీ పుస్తకంతో, సంతకం చేసిన ఒప్పందంతో ఓడ ఎక్కినవాడే చట్టం దృష్టిలో నావికుడు. లైసెన్సు లేని ఏజెంటుకు డబ్బు కట్టి, టూరిస్టు వీసాతో పరాయి రేవుకు పోయి, ఏ దేశపు జెండాదో తెలియని పాత ఓడ ఎక్కినవాడు, హక్కుల విషయంలో నాటి డెక్కు కూలీతో సమానం. మేస్త్రీ స్థానంలో ఏజెంటు వచ్చాడు, అడ్వాన్సు స్థానంలో అప్పు చేసి కట్టిన రుసుము వచ్చింది. అంతే భేదం. ఒకనాడు మేస్త్రీయే కూలీకి సొమ్మిచ్చేవాడు. నేడు కూలీయే ఏజెంటుకు ఇస్తున్నాడు.

నిజానికి 2016 నాటి నియమావళి ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి నుండి రుసుము వసూలు చేయడం నిషిద్ధం. పాస్‌పోర్టు, సీడీసీ, వైద్యపరీక్ష ఖర్చులు మాత్రమే అతడు భరించాలి. కనుక ఉద్యోగానికని లక్షలు అడిగే ఏజెంటు ఆ ఒక్క మాటతోనే తన సంగతి తానే చెప్పుకున్నట్టు.

కుటుంబాలు చేయవలసినది, ప్రభుత్వాలు చేయవలసినది

కొడుకును ఓడకు పంపే ఇంట్లో కొన్ని కాగితాలు తప్పక ఉండాలి. నియామక సంస్థ లైసెన్సు సంఖ్య, ఓడ పేరు, దాని ఐఎంఓ సంఖ్య, ఏ దేశపు జెండా, ఒప్పందం నకలు, సీడీసీ, ఇండోస్ సంఖ్యలు, బీమా సంస్థ పేరు. ఓడ పేర్లు మారుతూ ఉంటాయి. ఐఎంఓ సంఖ్య మాత్రం ఓడ పుట్టినప్పటి నుండి చివరి వరకు మారదు. లైసెన్సు నిజమైనదో కాదో డైరెక్టరేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఒప్పందంలో వారసుల పేరు, చిరునామా సరిగా రాయించడం మరువరాదు. సరిహద్దు పల్లెలలో ఒకే ఊరి పేరు ఒడియాలో ఒక తీరుగా, తెలుగులో ఒక తీరుగా, ఆంగ్లంలో మరొక తీరుగా ఉండడం మామూలే. పాస్‌పోర్టులో ఒక స్పెల్లింగు, బ్యాంకు పుస్తకంలో మరొకటి ఉంటే పరిహారం వచ్చే వేళకు అదే పెద్ద అడ్డంకి అవుతుంది.

ప్రభుత్వాల బాధ్యత ఇంకా పెద్దది. బెంగాలు, కొంకణ తీరాలకు దీటుగా ఈ తీరం నుండి కూడా యువకులు ఓడ పనికి పోజూస్తున్నప్పుడు, వారు సలహా కోసం విశాఖకో, కోల్‌కతాకో పరుగెత్తవలసి రావడం భావ్యం కాదు. బరంపురంలో ఒకటి, ఇచ్ఛాపురంలో ఒకటి సహాయ కేంద్రాలు తెరవడం రెండు రాష్ట్రాలకు భారమేమీ కాదు. దరఖాస్తు తెలుగులో రాసినా, ఒడియాలో రాసినా తీసుకునే ఏర్పాటు అక్కడ ఉండాలి. మోసపోయినవాడు ఒక రాష్ట్రం వాడు, మోసగించినవాడు రెండవ రాష్ట్రం వాడు అయినప్పుడు ఫిర్యాదు గేటు దగ్గరే ఆగిపోకుండా చూడాలి.

గోపాల్‌పూర్‌లో నేడు మళ్ళీ ఓడలు ఆగుతున్నాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను తాకిడికి దెబ్బతిన్న రేవు తిరిగి లేచింది. 2024లో అదానీ సంస్థ చేతికి వచ్చింది. రేవులో దిగే ప్రతి టన్నుకూ లెక్క రాస్తారు. అందులో తప్పు లేదు, రేవు బతికేది దానితోనే. అదే రేవు నుండి రంగం పోయి తిరిగిరాని వారికి ఆ ఒడ్డున ఒక రాతి పలక వేయడం ఎవరికీ బరువు కాదు. రాయవలసిన పేర్లు సరిహద్దు పల్లెల పెద్దల జ్ఞాపకాలలో ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. ఏ ఇంటి నుండి ఎవరు ఏ ఏట వెళ్ళారో ఇప్పుడే అడిగి రాసుకుంటే, గతించిన వారికి వారి పేరు దక్కుతుంది. ఇప్పుడు ఓడ ఎక్కుతున్న వాడి కాగితాలు ఇంట్లో భద్రంగా ఉంటే, అతనికి అటువంటి పలక అవసరం రాకుండా కొంతైనా కాపాడుకున్నవారమవుతాము.